జ్వరం దాచిన ఇల్లు

"నూట రెండు" అన్నాడు లామార్. థర్మామీటర్‌ను వంటింటి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో మళ్ళీ చూశాడు. "పైన ఇంకో గీత కూడా ఉంది. పొద్దున ఆసుపత్రిలో చూస్తే జ్వరమే లేదన్నారు. దారిలో ఎక్కడ దిగింది, మళ్ళీ ఎక్కడ ఎక్కింది అత్తయ్యా ఈ జ్వరం? నా ట్రక్కును ఆపి లిఫ్ట్ అడిగిందా?"

అత్తగారు ఆర్డెలియా బల్ల మీద పరిచిన నీలం గౌను కాలరుకు ఇస్త్రీ చేస్తోంది. ఇందాకటినుంచీ అదే కాలరు. దానిలో పోవడానికి ఇంక ముడత లేదు.

"వాళ్ళ థర్మామీటర్లు అంతే నాయనా" అంది చివరికి. "మన నల్లవాళ్ళ నోట్లో పెడితే పనిచెయ్యవు."

"నవ్వొచ్చే మాటే. నాకు నవ్వు రావడం లేదు."

ఆదివారం మధ్యాహ్నం అది. ఆర్డెలియా గేన్స్ చర్చికి వెళ్ళని ఆదివారం ఆ వీధిలో ఎవరికీ గుర్తు లేదు. తెల్ల చేతితొడుగులు వేసుకుని గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళను వరసల్లో కూర్చోబెట్టే పెద్దావిడ. ఆవిడ కనుసైగ చేస్తే గానీ పాస్టరు నోరు తెరవడని కుర్రాళ్ళు చెప్పుకుంటారు. అలాంటి మనిషి రాలేదంటే ఇంట్లో ఏదో ఉపద్రవమేనని అందరికీ తెలిసిపోయింది. ప్రార్థన ముగియగానే ఇరుగుపొరుగు ఇళ్ళనుంచి గిన్నెలు రావడం మొదలైంది. ఆకుకూర, వేయించిన కోడి, మొక్కజొన్న రొట్టె. ఎవరూ మూత కూడా తీయలేదు.

పెళ్ళయిన ఇన్నేళ్ళకు కూతురు రోషెల్‌కు కడుపు నిలిచిందని అందరూ సంబరపడ్డారు. గురువారం స్కూల్లో పిల్లలకు లెక్కలు చెబుతూ ఉండగా ఉమ్మనీరు పోయింది. అయిదో నెల అప్పుడే పడింది. బిడ్డ బతికే దారి లేదని డాక్టర్లే చెప్పారు. కానీ లోపల చిన్న గుండె ఇంకా కొట్టుకుంటోంది. అది కొట్టుకుంటున్నంతకాలం, తల్లి ప్రాణం మీదికి వచ్చిందని గట్టిగా చూపించగలిగేదాకా, ఈ రాష్ట్రంలో ఏ డాక్టరూ కడుపు తీయడానికి చెయ్యి వెయ్యడు. వేస్తే తనకు జైలు. "ఇంటికెళ్ళండి, లోపల చెడి జ్వరం వస్తే రండి" అని పంపేశారు. చేతులు కాలాక రండి, అప్పుడు ఆకులు వెతుకుదాం అన్నట్టు!

శనివారం రాత్రి జ్వరం వచ్చింది. ఆదివారం పొద్దున్నే వెళ్ళారు. జ్వరం లేదని పంపేశారు.

"నేను ఇల్లినాయ్ రాష్ట్రానికి తీసుకెళ్ళిపోతాను" అన్నాడు లామార్. "అక్కడి చట్టం వేరు. ఇప్పుడు బయల్దేరితే పొద్దుగూకాక చేరతాం."

"కాలిపోతున్న పిల్లని హైవే ఎక్కిస్తావా? నడిదారిలో ఏమన్నా అయితే ఎవరిని పిలుస్తావు?"

"మరేం చెయ్యమంటారు? మీరు చెప్పండి. మీరు గౌను ఇస్త్రీ చేస్తూ ఉండండి, నేను మంచం పక్కన కూర్చుని అంకెలు చదువుతూ ఉంటాను. అంతేనా?"

"గొంతు తగ్గించు. అది వింటుంది."

"విననీండి!" అన్నాడు గాని గొంతు దానంతట అదే పడిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సరుకు లారీలు తోలి తోలి బండబారిన పెద్ద చేతులు, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. "నేనేదో బిడ్డ వద్దనుకుంటున్నానని అనుకోకండి అత్తయ్యా. రోజూ రోషెల్ కడుపు మీద చెయ్యేసి పాట పాడేవాణ్ణి. ఇప్పుడు చెయ్యేస్తే... లోపలుంది. ఇంకా ఉంది. దాన్ని తీసెయ్యండని నా నోటితో నేనెలా అడగను? అడక్కపోతే రోషెల్ పోతుంది."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. లామార్ పాపం రెంటి మధ్యా నలుగుతున్నాడు. ఆర్డెలియాకు అతని తల నిమరాలనిపించింది. చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంది.

బల్లకు అటు చివర చిక్కుడు గింజలు ఒలుస్తూ కూర్చుంది ఒడెస్సా. ఆవిడ ఆర్డెలియాకు అక్క. డెబ్బై దాటాయి. పిల్లల్లేరు. రోషెల్‌ను సగం పెంచింది ఆవిడే.

"ఆర్డీ" అంది ఇప్పుడు, గింజల మీంచి కళ్ళెత్తకుండా. "పొద్దున బయల్దేరేముందు పిల్లకేం పెట్టావు?"

"టోస్టు."

"టోస్టు తర్వాత?"

ఇస్త్రీ పెట్టె ఆగింది.

"కాఫీ రెండు గుక్కలు తాగింది."

"కాఫీతో పాటు?"

"నువ్వేమన్నా పోలీసువా అక్కా? రెండు మాత్రలు ఇచ్చాను. జ్వరానివి. అందరిళ్ళల్లో ఉండేవే!"

లామార్ మెల్లగా తలెత్తాడు. ముందు అతనికి అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది, అర్థమైనట్టు మొహంలో తెలిసింది.

"జ్వరం చూపించడానికి తీసుకెళ్తూ" అన్నాడు, "జ్వరం తగ్గే మాత్రలు ఇచ్చారా?"

"నోటితో చెప్పాం కదా జ్వరం ఉందని! చక్కగా, మర్యాదగా చెప్పాం. రాత్రినుంచీ ఉంది అని చెప్పాం. ఒక టీచరు చెబితే నమ్మరా?"

"నమ్మలేదుగా!"

"చెమటలు కారుతూ, ఒళ్ళు వాసనేస్తూ, కళ్ళు ఎర్రగా పెట్టుకుని తీసుకెళ్ళమంటావా? ఏదో మందు కొట్టి వచ్చిందనుకుంటారు. మాత్రల కోసం నాటకాలాడే రకం అనుకుంటారు. మూల కుర్చీలో కూర్చోబెట్టి మర్చిపోతారు. నీకు తెలియదు లామార్, నువ్వు మగాడివి. మనవాళ్ళ ఆడది ఆసుపత్రికి వెళ్తే ముందు బట్టలు మాట్లాడాలి, ఆ తర్వాతే నోరు. నా ఇంటి ఆడపిల్ల తల దువ్వకుండా, చెవులకు ముత్యాలు పెట్టకుండా ఆ గుమ్మం తొక్కదు."

"బాగుంది! మీ ముత్యాలు చూసి ఆ నర్సు ఏమంది? చెప్పండి. నేనక్కడే ఉన్నాను. 'చెవిపోగులు భలే ఉన్నాయి, ఎక్కడ కొన్నారు' అంది. నా పెళ్ళాం చస్తూ ఉంటే చెవిపోగుల సంగతి మాట్లాడారు!"

ఆర్డెలియా ఇస్త్రీ పెట్టెను నిలబెట్టింది. ఆవిడకు కోపమూ వచ్చింది, భయమూ వేసింది. భయమే ఎక్కువ. అది బయటికి రాకుండా కోపాన్నే ముందుకు తోసింది.

"అక్కకి జరిగింది నా కళ్ళతో చూశాను. నాకు పన్నెండేళ్ళు. పత్తిచేలోంచి అలాగే తీసుకెళ్ళారు, మట్టికాళ్ళతో. ఏమైంది? నీకు తెలీదూ ఏమైందో?"

లామార్‌కు తెలుసు. ఆ ఇంటి సంబంధం చేసుకున్న ఎవరికైనా మొదటి ఏడాదిలోనే తెలుస్తుంది. ఒడెస్సాకు పందొమ్మిదేళ్ళప్పుడు కడుపునొప్పి అని కౌంటీ సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అపెండిక్స్ అన్నారు. తీసింది గర్భసంచిని. ఆమెను అడగలేదు, ఆమెకు చెప్పలేదు. నెలలు గడిచినా ముట్టు రాకపోతే వెళ్ళి అడిగితే, "నీ మంచికే" అన్నారట. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల నల్లవాళ్ళ ఆడపిల్లలకు అలాంటి అపెండిక్స్ ఆపరేషన్లు చాలానే అయ్యాయి.

"పోయేదాకా అమ్మది ఒకటే ఏడుపు" అంది ఆర్డెలియా. "మట్టికాళ్ళతో తీసుకెళ్ళాను నా పిల్లని, స్నానం చేయించి మంచి బట్ట కట్టి ఉంటే మనిషిగా చూసేవాళ్ళు అని. ఆ ఏడుపు విని పెరిగాను నేను. అందుకే..."

"మట్టికాళ్ళతో వెళ్ళింది మొదటిరోజు" అంది ఒడెస్సా.

ఆర్డెలియా అక్క వైపు తిరిగింది.

"మొదటిరోజు ఏదో మందు సీసా ఇచ్చి పంపేశారు. నొప్పి తగ్గలేదు. రెండోరోజు మళ్ళీ తీసుకెళ్ళింది అమ్మ. నువ్వు లేవు, చిన్నవాళ్ళని పెట్టుకుని పిన్ని వాళ్ళింట్లో ఉన్నావు. అమ్మ నన్ను తొట్టిలో కూర్చోబెట్టి తలంటింది. గోళ్ళల్లో మట్టి పుల్లతో తీసింది. తన ఈస్టర్ గౌను నాకు తొడిగింది, లేత పసుపుది. తెల్ల మేజోళ్ళు కూడా. రాణిలా ఉన్నావే అంది." ఒడెస్సా గిన్నెలో గింజలను వేళ్ళతో సర్దింది. "నన్ను కోసింది ఆ రోజే, ఆర్డీ. గౌను విప్పి, చక్కగా మడతపెట్టి కుర్చీ మీద పెట్టి, అప్పుడు కోశారు."

ఇస్త్రీ పెట్టె దానంతట అది టక్కుమంది.

"మరి అమ్మ..." అంది ఆర్డెలియా. "అమ్మకు తెలుసు కదా. మరి మట్టికాళ్ళని ఎందుకంది?"

"తప్పు తనదైతే రేపు నీ విషయంలో దిద్దుకోవచ్చు కదా. స్నానం చేయిస్తే పోయే ప్రమాదం అయితే రోజూ చేయించొచ్చు. తనదేం తప్పు లేదనుకుంటే, ఇంక నిన్ను ఏం చేసి కాపాడుతుంది? అది తట్టుకోలేకపోయింది అమ్మ."

"ఇన్నేళ్ళు నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఆ మాట మీదే బతుకు కట్టుకున్నావే. కూలగొట్టబుద్ధి కాలేదు."

ఆర్డెలియా నీలం గౌను వంక చూసింది. అక్క మీద కోపం వచ్చింది, అమ్మ మీద వచ్చింది. వాటన్నిటి కింద ఒకటే ఆలోచన, గుండెలో గునపం దిగినట్టు. పొద్దున ఆ మాత్రలు ఇవ్వకపోతే ఈపాటికి పిల్లని లోపల చేర్చుకునేవాళ్ళు.

"మాత్రల సంగతి నాకు తెలుసు పెద్దమ్మా."

ముగ్గురూ తిరిగి చూశారు. రోషెల్ గోడ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. రాత్రి గౌను ఒంటికి అంటుకుపోయింది. తలకు పడుకునేటప్పుడు పెట్టుకునే సాటిన్ టోపీ, పెదాలు పాలిపోయాయి. లామార్ ఒక్క అంగలో వెళ్ళి పట్టుకున్నాడు.

"నువ్వెందుకు లేచావు!"

"చలేస్తోంది. మీ అరుపులకి నిద్ర పట్టలేదు." నవ్వబోయింది. "అమ్మని ఏమనకు. అవి ఏం మాత్రలో మింగేటప్పుడే నాకు తెలుసు. లెక్కలు చెప్పుకునేదాన్ని, ఆ మాత్రం తెలీదా? నాకూ సిగ్గేసింది. ఆ తెల్ల గదిలో కంపు కొడుతూ కూర్చోవాలంటే నాకే సిగ్గేసింది. అమ్మ ముత్యాలు ఇస్తే ఎంత హాయిగా పెట్టుకున్నానో."

"తల్లీ..." ఆర్డెలియా ముందుకు వచ్చింది.

"విను అమ్మా. బాగుంటే మర్యాద ఇస్తారు, వైద్యం ఇవ్వరు. బాగోకపోతే మర్యాద ఇవ్వరు, వైద్యం ఇస్తారేమో. రెండూ ఒక్క మనిషికి ఇవ్వరట. నాకివాళ మర్యాద వద్దు. నేను బతకాలి." ఊపిరి కోసం ఆగింది. "నాకు బిడ్డ మీద ప్రేమ లేకనా? పేరు కూడా పెట్టుకున్నాను, మీకెవరికీ చెప్పలేదు. అది ఎలాగూ పోతోంది. దానితో పాటు నేను కూడా పోవాలని ఏ దేవుడు రాశాడు? చట్టం రాసినవాళ్ళు దేవుళ్ళు కాదు కదా!"

ఆ మాటకు లామార్ ఏడ్చాడు. చప్పుడు లేకుండా, ఆమె టోపీ మీద మొహం ఆనించి.

"పదండి" అంది రోషెల్. "ఇలాగే వెళ్దాం. మందు దిగిపోయింది, ఇప్పుడు జ్వరం కనిపిస్తుంది."

"ఇలాగేనా?" ఆర్డెలియా చెయ్యి అలవాటుగా అలమర మీద ఉన్న దువ్వెన మీదికి పోయింది. "తల అన్నా..."

"ముట్టుకోకమ్మా."

దువ్వెన అక్కడే ఉండిపోయింది.

"ఇంకోటి" అంది రోషెల్. "జ్వరం రాత్రినుంచీ ఉందని, మాత్రలతో తగ్గించామని చెప్పాలి. లోపల విషం ఎప్పుడు మొదలైందో వాళ్ళకి తెలియకపోతే ఇప్పుడే వచ్చిందనుకుంటారు. ఇంకా చూద్దాం అంటారు. చూస్తూ కూర్చునేంత టైము నాకు లేదు. నా ఒళ్ళు నాకు తెలుస్తోంది."

"వద్దు" అన్నాడు లామార్ వెంటనే. "ఏమన్నా చెప్పండి గాని మాత్రలన్న మాట ఆ కౌంటర్ దగ్గర ఎత్తకండి. కడుపుతో ఉన్న మనిషికి మాత్రలిచ్చాం అంటే చాలు. ఏం మాత్రలు, ఎందుకిచ్చారు, ఎవరిచ్చారు అని మొదలుపెడతారు. నాతో పనిచేసేవాడి చెల్లెలికి పోయినేడు కడుపు పోతే, ఆ పిల్ల ఇంకా మంచం దిగకముందే కావాలనే పోగొట్టుకుందా అని షెరీఫ్ పంపిన పోలీసు వచ్చి కూర్చున్నాడు."

"నేను చెబుతాను" అంది ఆర్డెలియా.

"అత్తయ్యా, నేను చెప్పేది..."

"ఇచ్చింది నేను. చెప్పేది నేనే. దాన్ని అడిగితే నాకు తెలియదని చెప్పమను." ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులతోనే తలుపు వైపు నడిచింది. అరవై దాటిన ఆ జీవితంలో ఆవిడ అలా వీధిలోకి రావడం ఇదే మొదలు.

ఒడెస్సా చేతికర్ర అందుకుంది.

"నువ్వెక్కడికి అక్కా? ఆ రోజునుంచి ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు కదా నువ్వు!"

"నోరు మూసుకుని తలుపు తియ్యి ఆర్డీ. మళ్ళీ బుద్ధి మారుతుంది నాకు."

దారిలో లామార్ ఎర్ర దీపాలను లెక్కచెయ్యలేదు. వెనక సీట్లో రోషెల్ తల పెద్దమ్మ ఒళ్ళో ఉంది. ఒకసారి కళ్ళు తెరిచి, "పిల్లలకి సోమవారం పరీక్ష పెట్టాలి, ప్రశ్నలు రాయలేదు" అంది. తర్వాత అడిగినదానికి సరిగా బదులివ్వలేదు. ఆర్డెలియా ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి కూతురి పాదం పట్టుకుని కూర్చుంది. పాదం నిప్పులా ఉంది.

ఆసుపత్రిలో పొద్దుటి నర్సే ఉంది. పొద్దున ఆవిడే లేచి వచ్చి, "మిసెస్ గేన్స్, మీరు ఇలా కూర్చోండి" అని కుర్చీ చూపించింది. ఇప్పుడు ముందు గుర్తుపట్టలేదు. మెత్తటి చెప్పులు చూసింది, మాసిన ఇంటి గౌను చూసింది, చక్రాల కుర్చీలో టోపీతో వేలాడుతున్న పిల్లను చూసింది. థర్మామీటర్ పెట్టింది. అంకె చూసి కనుబొమలు ముడిచింది.

"పొద్దున ఏం లేదే!"

"ఉంది" అంది ఆర్డెలియా. కౌంటర్ అంచు రెండు చేతులా పట్టుకుంది. "నిన్న రాత్రినుంచీ ఉంది. పొద్దున వచ్చేముందు జ్వరం మాత్రలు ఇచ్చి తగ్గించాను. నేనే ఇచ్చాను, అమ్మాయికి తెలీదు. లోపల రాత్రినుంచే చెడుతోంది. దయచేసి డాక్టరుని పిలవండి. ఇప్పుడే పిలవండి."

లామార్ కళ్ళు మూసుకున్నాడు.

నర్సు చేతిలో పెన్ను ఆగింది. ఆమె చెడ్డది కాదు. ఆ మొహంలో కనిపించింది కూడా భయమే. ఆ భయం పిల్ల గురించి కాదని ఆర్డెలియాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"ఏం మాత్రలు?"

"జ్వరానివి. మామూలువి."

"సీసా తెచ్చావా?"

తెచ్చావా. ఆర్డెలియా ఆ ఏకవచనం విన్నది. విననట్టు ఊరుకుంది.

"లేదు. ఇంట్లో ఉంది. కావాలంటే అల్లుడు వెళ్ళి తెస్తాడు. ముందు పిల్లని లోపలికి తీసుకెళ్ళండి."

"ఇంకేమన్నా ఇచ్చావా? గురువారానికి ముందు? కడుపు పోవడానికి ఏమన్నా?"

"ఏమంటున్నావు నువ్వు!" లామార్ ముందుకు వచ్చాడు. ఒడెస్సా కర్ర అతని ఛాతీకి అడ్డం పడింది. ఇక్కడ గొంతు లేపిన నల్లవాడి గతి ఏమిటో ఆవిడకు బాగా తెలుసు. అతనికీ తెలుసు. ఆగిపోయాడు. పిడికిళ్ళు మాత్రం విప్పలేదు.

నర్సు ఫోను ఎత్తి అటు తిరిగి తగ్గు స్వరంతో మాట్లాడింది. పెట్టేసింది. మళ్ళీ ఎత్తింది.

"డాక్టరు వస్తున్నారా?" అంది ఆర్డెలియా.

"డాక్టరు ముందు మా లాయరుతో మాట్లాడాలి."

"నా కూతురు చచ్చిపోతోంది."

"నాకు అర్థమవుతోంది" అంది నర్సు. నిజంగానే అర్థమైనట్టు ఆమె కళ్ళు చెమర్చాయి. కానీ కుర్చీలోంచి లేవలేదు.

రోషెల్ ఏదో గొణిగింది. ఆర్డెలియా మోకాళ్ళ మీద వంగి చెవి పెట్టింది. పిల్లల పేర్లు చదువుతోంది, తరగతి గదిలో హాజరు పిలుస్తున్నట్టు. ఒక్కో పేరు మధ్య ఎడం ఎక్కువవుతోంది. ఒడెస్సా కుర్చీ వెనక చేరి రెండు పిడులూ పట్టుకుని నిలబడింది, ఎవరొచ్చి లాగినా వదలనన్నట్టు.

వైద్యం జరిగే వైపు పెద్ద తలుపు మూసే ఉంది. దాని పక్కన చిన్న గది తలుపు తెరుచుకుంది. కాపలా మనిషి ఒకడు, వెనక కోటు వేసుకున్న ఇంకో ఆవిడ, డాక్టరు కాదు, లాయరు. అతను చక్రాల కుర్చీ పక్కనుంచి, దాన్ని చూడకుండా నడిచి వచ్చి ఆర్డెలియా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఆర్డెలియా నువ్వేనా?" అన్నాడు. "ముందు నువ్వు రా."